పసుపు ముట్టని చొక్కాలు

నాయన సంవత్సరీకం దగ్గర పడుతుండగా చిన్నాయన నాకు తరచుగా ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. ఆయన నాయనకు ఒక్కడే తమ్ముడు. నగరిలో మా అమ్మ ఉండే వీధిలోనే ఉంటాడు.

"పాపా, మీ నాయనకు నీలం రంగంటే శానా ఇష్టం. నీకు తెలుసో లేదో."

నాకు తెలియదు. మా ఇళ్ళలో సంవత్సరీకం రోజు పోయినవాళ్ళ పటం ముందు కొత్త బట్టలు పెడతారు. పూజయ్యాక వాటిని తండ్రి వరసైన మగవాళ్ళలో ఒకరు వేసుకుని భోజనానికి కూర్చోవాలి. ఆ వరసలో మాకు మిగిలింది చిన్నాయన ఒక్కడే. కాబట్టి నాయన ఇష్టాల గురించి ఆయన చెప్పే ప్రతి మాటనూ కొంచెం అనుమానంతో వినవలసి వచ్చింది.

మళ్ళీ ఫోన్. "తెల్ల పంచ, పైపంచ అందరూ పెట్టేదే. మా అన్నకు చొక్కా పెట్టు. నిండు చేతులది. లినెన్ అని ఇప్పుడొస్తా ఉండాది సూడు, అది."

నాయన బతికుండగా లినెన్ అన్న మాట విన్నాడని నేననుకోను.

అయినా చొక్కా విషయం నాకు తేలిక కాదు. ఉద్యోగం వచ్చి తిరుపతిలో ఉంటున్నప్పటి నుంచి పండగలకు నాయనకు చొక్కాలు కొంటూ వచ్చాను. ఒక్కటి కూడా ఆయన ఒంటి మీద చూడలేదు. అడిగితే "మంచి రోజుకు దాచుకున్నాలే" అనేవాడు. మంచి రోజులు చాలానే వచ్చాయి, పాత చొక్కాలతోనే గడిచిపోయాయి. నా ఎంపికే బాగోలేదనుకుని రంగులు మార్చాను, గళ్ళు మానేసి చారలు కొన్నాను. పోయాక పెట్టే ఈ ఒక్కటైనా ఆయనకు నచ్చేది కావాలని ఉండింది. ఎవరికీ చెప్పలేదు. అంత చదువుకుని, పటానికి నచ్చడం ఏమిటని అడుగుతారు.

కొత్త బట్టకు మూల పసుపు ముట్టించకుండా మా అమ్మ ఎవరినీ వేసుకోనివ్వదు. నేను తెచ్చిన చొక్కాలకు మాత్రం నాయన ఆ పసుపు ముట్టించనిచ్చేవాడు కాదు. "ఉండనీ, ఇప్పుడే వద్దు" అని మడత విప్పకుండా లోపల పెట్టేసేవాడు. ఇటువంటి ఆచారాల మీద ఆయనకు నమ్మకం లేదని నేను తీర్మానించుకున్నాను. నాకూ ఆ గుణం ఆయన నుంచే వచ్చిందని లోలోపల గర్వపడ్డాను కూడా.

ఇంకొకటి. పండగ వెళ్ళిన కొన్నాళ్ళకు, అచ్చం నేను కొన్న చొక్కాలాంటిదే చిన్నాయన ఒంటి మీద కనిపించేది. అది నాయనది అయ్యే వీలు లేదు. నాయన బక్క మనిషి, ముప్పై ఎనిమిది సైజు. అది చిన్నాయన వీపుకు కూడా చాలదు. అన్నకు కూతురు తెచ్చిందని పోటీకి తనూ కొనుక్కుంటున్నాడనుకునేదాన్ని.

అందుకే ఈసారి ఆయన్ను కొంచెం ఆడించాలనిపించింది.

"చిన్నాయనా, లినెన్‌లో నీలం లేదంట. చిలకపచ్చ ఉండాది," అన్నాను.

"చిలకపచ్చ మీ నాయనకు పడదు పాపా. కండ్లు మంట అంటా ఉండె."

"సరే, నీలమే వెతుకుతాలే. సైజు ముప్పై ఎనిమిది గదా."

"అది ఎప్పటి మాట. కడాకు మీ నాయన రొంత ఒళ్ళు చేసినాడు గదా."

చివరి నెలల్లో నాయన దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనంతగా చిక్కిపోయాడు. రోజూ ఎత్తి కూర్చోబెట్టింది చిన్నాయనే. నేను "ఓహో" అని ఫోన్ పెట్టేశాను.

నీలం లినెన్, నిండు చేతులు, ముప్పై ఎనిమిది సైజు కొన్నాను.

సంవత్సరీకం రోజు అమ్మ గుర్తు చేస్తే కాలరుకు పసుపు నేనే ముట్టించి పటం ముందు పెట్టాను. హారతి అయ్యాక చిన్నాయన ఆ చొక్కాను కళ్ళకద్దుకుని లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పటికి చేతులైతే ఎలాగో దూర్చాడు గానీ, బొత్తాలకూ కాజాలకూ మధ్య జానెడు బనియను కనిపిస్తోంది. రెక్కలు ఆరబెట్టుకునే కోడిలాగా చేతులు ఎడంగా పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత సైజు మే ఇది?" అంది అమ్మ.

"ముప్పై ఎనిమిది. నాయనది."

"పసుపు ముట్టించేస్తివి గదా. ఇంక అంగడోల్లు తీసుకోరు." కాలరు మీది పసుపు చూస్తూ, "మీ నాయన అందుకే ముట్టించనిచ్చేటోడు కాదు," అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు తెచ్చినవన్నీ ఎత్తుకోని పొద్దన బస్సుకు తిరుపతికి పోతా ఉండె. పెద్ద సైజుకు మార్చుకోనొచ్చి తమ్మునికి ఇస్తా ఉండె."

"తిరుపతికా? మా ఇంటికి రాకుండానే?"

"వస్తే ఏం పని మింద వచ్చినావని అడగవా నువ్వు?"

చిన్నాయన పటం వైపు చూస్తున్నాడు. "నాకట్ల చెప్పలేదే వదినా. పాప నీకూ ఒకటి తెచ్చిందిరా అని ఇస్తా ఉండె." తర్వాత నా వైపు తిరిగాడు. "ఈ ఏడు ఒక్క పండక్కూ చొక్కా రాలేదు. అన్న పోయినాడు, పాప మనల్ని మరిసిపోయిందనుకున్నా. నోరు తెరిసి అడిగేదెట్ల?"

ఆ చొక్కాతోనే విస్తరి ముందు కూర్చున్నాడు. కూర్చోవడంలో వీపు దగ్గర కుట్టు పిగిలిన చప్పుడు అందరికీ వినబడింది. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాయన పోయాక ఆమె నవ్వు వినడం అదే మొదలు.

చిన్నాయన చొక్కా విప్పలేదు. అన్నం కలుపుకుంటూ, "ఏం పరవాలేదు. వచ్చే ఏటికి మీ నాయన ఇంకా రొంత ఒళ్ళు చేస్తాడులే," అన్నాడు.

"నలభై రెండు చాలునా?"

ఆయన పటం వైపు చూసి ఆలోచించాడు.

"నలభై నాలుగు తీసుకో. ఆయప్పకు వదులుగా ఉంటేనే ఇష్టం."