పలక దిగని రోస్విత

మా అక్క రోస్వితతో సైకిలు యాత్ర అంటే చాలా ఓపిక కావాలి. ఎల్బే నది వెంట సముద్రం దాకా పోదామని ఇద్దరం బయలుదేరాం. దేశం రెండు ముక్కలుగా ఉన్నప్పటి పాత సరిహద్దు మొదలయ్యాక ఆవిడ కాంక్రీటు పలకలు దిగితే ఒట్టు. ఒకప్పుడు కాపలా సైనికుల బండ్లు తిరిగిన దారి అది. రొట్టె తిన్నా పలక మీదే, చక్రానికి గాలి కొట్టినా పలక మీదే. ఒంటికి వస్తే ఊరు చేరేదాకా బిగబట్టుకుంటుంది.

"అక్కా, ఇప్పుడిది పక్షుల అడవి. మందుపాతరలన్నీ ఎప్పుడో తీసేశారు."

"తీసినవాళ్లు తీశారు. వరద ఎక్కడిది ఎక్కడికి తెచ్చిందో నీకేం తెలుసే?"

నిజమే, నాకు తెలియదు. నేను అవతలి ఒడ్డున పిన్ని ఇంట్లో పెరిగాను. సరిహద్దు కంచె పక్కన పెరిగింది అక్క. తన చిన్నప్పుడు ఒక జింక మందుపాతర తొక్కి తెల్లవార్లూ అరిచిందట. ఊరంతా విన్నారు గానీ ఒక్కరూ అడుగు వేయలేదు. ఇదంతా తెలిసీ నేను ఆటపట్టించడం మానలేదు.

ఆ మధ్యాహ్నం కొంగలను చూస్తూ తొక్కుతుంటే ముందు చక్రం పలకలోని కన్నంలో ఇరుక్కుంది. గట్టు మీంచి సైకిలుతో సహా దొర్లి రెల్లులో పడ్డాను. చీలమండ విరిగింది. గొంతు చించుకుని అరిచాను.

అక్క పలక అంచున నిలబడింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"కదలకు! చెయ్యి కూడా ఆనించకు!"

"ఊళ్లోకెళ్లి ఎవరినైనా పిలుచుకురా, అక్కా."

"నువ్వట్లా అరుస్తుంటే వదిలేసి పోనా?"

పలక దిగింది. బూటు కొనతో గడ్డి తడుముతూ, ఒక్కో అడుగూ వేస్తోంది. ఆ ముఖం చూస్తుంటే మొదటిసారి నాకు భయం వేసింది. నడుము కింద ఏదో గట్టిగా తగులుతోంది. ఇందాక రాయి అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోలేకపోయాను.

"అక్కా, రాకు! నా కింద ఏదో ఉంది!"

ఆగింది. కళ్లు మూసుకుంది. మళ్లీ నడిచింది. నా పక్కన మోకరిల్లి, చేతిని నా నడుము కిందికి పోనిచ్చింది.

నా నీళ్ల సీసా.

ఇద్దరికీ నవ్వు రాలేదు. నన్ను వీపు మీద ఎక్కించుకుని, వచ్చిన అడుగుల్లోనే కాళ్లు వేస్తూ గట్టెక్కింది. సైకిలు కోసం మళ్లీ దిగలేదు. దిగమని నేనూ అడగలేదు.

కాలు బాగయ్యాక, ఈ వేసవిలో యాత్ర అక్కడి నుంచే మొదలుపెట్టాం. కాసేపటికే నాకు ఒంటికి వచ్చింది. పక్కనే గుబురుగా పొదలున్నాయి, చుట్టూ మనిషన్నవాడు లేడు. అక్క నా వంక చూసింది.

ఊరు వచ్చేదాకా బిగబట్టుకున్నాను.