పురిటి సంచి

పద్మకుమారి వస్తోందంటే మొగలిపేట ఆడవాళ్లు ముందు ఆమె భుజాన ఉన్న సంచిని చూసేవారు. ఖాకీ గుడ్డతో కుట్టిన సంచి అది. అందులో కత్తెర, మరగబెట్టిన దారం, సబ్బు, ఎనామిల్ పళ్లెం, డెట్టాల్ సీసా, ఓ అట్టపెట్టెలో రక్తం ఆపే సూదిమందు ఉండేవి. ఎచ్చెర్ల దాటాక ఇసకదారి పట్టి, సరుగుడు తోపు పక్కనుంచి ఆమె ఇంకా పేటలో అడుగు పెట్టకముందే డెట్టాల్ వాసన వచ్చేస్తాదని జాలర్ల ఆడవాళ్లు ఆటపట్టించేవారు. చేపల కంపులో పుట్టి పెరిగినవాళ్లకి ఆ వాసన అంత గొప్పగా ఎలా తెలిసేదో మరి.

ఆమెది చీపురుపల్లి. తండ్రి రైల్వేలో కూలి చేస్తూ పోయాడు. ఎనిమిదో తరగతి చదివి, పురుళ్లు పోయడంలో రెండేళ్లు తర్ఫీదయి, గవర్నమెంటు నర్సమ్మగా సముద్రపు ఒడ్డుకు వచ్చింది. ఉద్యోగం తాత్కాలికం. ఎప్పుడు తీసేసినా అడగడానికి లేదని చేరిననాడే సంతకం పెట్టించుకున్నారు. ఊళ్లో తల్లి, కాళ్లు చచ్చుబడిన తమ్ముడు ఈమె జీతం మీదే బతికేవారు. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే నవ్వేసి, నీళ్లు కాగాయో లేదో చూడమనేది.

పేటలో మంత్రసాని తవిటమ్మ. ఎవరి ఇంట నెప్పులు మొదలైనా ఆవిడే. సర్కారు నర్సమ్మ వచ్చిందని తెలిశాక ఆవిడ ఆర్నెల్లు మొహం చిట్లించుకునే తిరిగింది. ఆ తర్వాత ఆవిడ చిన్నకోడలు గున్నమ్మకే తొలిచూలు అడ్డం తిరిగింది. బిడ్డ కాళ్లు ముందుకొచ్చాయి. తవిటమ్మ చేతులెత్తేసి గుమ్మంలో కూలబడితే, పద్మకుమారి చీర చెంగు దోపుకుని కూర్చుని, ఆ ఆడపిల్లను ప్రాణాలతో బయటికి తీసింది. అయితే మాయ పడ్డాక గున్నమ్మకు రక్తం కట్టలు తెంచుకుంది. చాప తడిసి నేల తడిసింది. సంచిలోని సూదిమందు ఎక్కించాకే అది ఆగింది.

"నీ సేతిలో ఏదో ఉన్నాది తల్లీ" అంది తవిటమ్మ. "ఈ గుంటకి నీ పేరే ఎడతాను."

అలా పేటలో ఓ చిన్న పద్మ తయారైంది. అందరూ పద్దు అనేవారు. ఆనాటి నుంచీ తవిటమ్మ కొడవలి మానేసి, మరగబెట్టిన బ్లేడుతో బొడ్డు కొయ్యడం నేర్చుకుంది. నేర్చుకుందే గాని నోరు మానలేదు. ఇద్దరూ అత్తాకోడళ్లలా కీచులాడుకుంటూ పేటలో పురుళ్లన్నీ కలిసే పోసేవారు. పద్మకుమారి బతుకులో సుఖమంటూ ఉంటే ఆ మూడేళ్లే.

అరవై ఏడు వేసవిలో మెమో వచ్చింది.

మెమో అంటే ఏమీ లేదు, సైక్లోస్టైలు చేసిన ఓ అరఠావు కాగితం. ఎక్కడో ఫ్యాను కింద కూర్చున్న పెద్దమనిషి చెప్పగా, ఇంకొకాయన రాయగా, మరొకాయన టైపు కొట్టగా, కిందికి దొర్లుకుంటూ వచ్చేది. రాసినవాడికి మొగలిపేట ఏ దిక్కున ఉందో తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. ఆసుపత్రి హెడ్డు గుమాస్తా జగన్నాధం దాన్ని నర్సమ్మలందరినీ నిలబెట్టి చదివాడు. ఇకమీదట నర్సుల పనిని, పిల్లలు పుట్టకుండా ఆడవాళ్ల గర్భసంచిలో పెట్టే లూపు కేసుల లెక్కతోనే చూస్తారట. లెక్క తగ్గినవాళ్లు సంజాయిషీ ఇవ్వాలట, తాత్కాలికపు వాళ్లనైతే తీసేయనూవచ్చట. ఊరికి వెళ్లినప్పుడు చిన్న కుటుంబం బొమ్మలు తప్పకుండా పట్టుకెళ్లాలట. లూపులు వేసే శిబిరాలకు సామాను చాలడం లేదు కనక పురిటి సంచులన్నీ స్టోరుకు అప్పగించాలట.

"మరి పురుళ్లకి ఏం చెయ్యమంటారు సార్?" అని అడిగింది పద్మకుమారి.

జగన్నాధం కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో పురుళ్ల మాట లేదమ్మా. పైనుంచి వస్తాది, నేను కిందికి తోస్తాను. నా సంతకం ఉంటాది గాని నా మాట ఉండదు."

మంచివాడే పాపం. మంచివాళ్ల సంతకాలు లేకుండా ఏ మెమో కిందికి దిగుతుంది?

సంచి ఇచ్చేసి, చంకలో చుట్టిన బొమ్మలతో పద్మకుమారి మొగలిపేట వెళ్లింది. పేటలో ఆమె మాట మొదట విన్నది నీలవేణి, గున్నమ్మ తోటికోడలు. అప్పటికే నలుగురు పిల్లలు ఆమెకు. "నువ్వు మంచిదంటే మంచిదే. మరి నాకేటి సెప్పకు" అని, ఆసుపత్రి జీపు వచ్చిననాడు శిబిరానికి నడిచింది. ఇంకో ఇద్దరు ఆమె వెంట వెళ్లారు. ఆ నెలకు పద్మకుమారి ఉద్యోగం నిలబడింది.

నీలవేణికి లూపు పడలేదు. నెలంతా ఎరుపే. మనిషి పాలిపోయి, చేపలగంప నెత్తికెత్తుకోలేక దారిలో కూలబడిపోయింది. పద్మకుమారి దగ్గరికి వచ్చి, "ఇది తీసెయ్ నర్సమ్మా, నీ కాళ్లట్టుకుంటాను" అంది. తీయడం ఆమెకు తెలుసు. దానికున్న దారం పట్టి లాగితే వచ్చేస్తుంది, అంతే. కాని వారం కిందటే రెండో మెమో వచ్చి కూర్చుంది. లూపులు నర్సులు తీయకూడదు, డాక్టరే తీయాలి, తీసిన ప్రతి కేసూ ఆ నర్సు లెక్కలోంచి కొట్టేస్తారు. డాక్టరు చూస్తే శిబిరాల్లో, ఇవాళ ఓ ఊళ్లో, రేపు ఇంకో ఊళ్లో. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చీపురుపల్లిలో తమ్ముడి కాళ్లు గుర్తొచ్చాయి ఆమెకు.

"ఈ బలం మాత్రలు వేసుకో. తగ్గిపోతుంది" అంది.

తగ్గదని ఆమెకు తెలుసు. ఆ అబద్ధం చెప్పిననాడు ఇంటికొచ్చి అన్నం వండుకోలేదు.

చివరికి నీలవేణి మొగుడు ఆమె మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి, శ్రీకాకుళంలో ప్రైవేటు డాక్టరమ్మ చేత తీయించాడు. నీలవేణి బతికింది గాని మళ్లీ గంప ఎత్తలేదు. పేటకు అది చాలు. నర్సమ్మ వచ్చేది బిడ్డల్ని తియ్యడానికి కాదు, కడుపులో ఏదో పెట్టి రక్తం తోడెయ్యడానికి అన్న మాట వాడవాడకూ పాకింది. అది ఉత్త పుకారని ఎవరనగలరు? తర్వాత ఆమె ఇసకదారిలో కనబడితే చాలు, ఒడ్డున గవ్వలేరుకునే పిల్లలు గొంతెత్తి అరిచేవారు.

"నర్సమ్మొస్తంది, లగెత్తండే!"

ఆడవాళ్లు ఉన్నవాళ్లు ఉన్నట్టే లేచి సరుగుడు తోపులోకి పరిగెత్తేవారు. పొయ్యి మీద గంజి పొంగుతూ ఉండేది, వీధిలో మనిషి ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే గున్నమ్మ మళ్లీ నిండుచూలాలైంది. పద్మకుమారికి ఇంక వేరే ఆలోచన లేదు. తొలికాన్పులో అంత రక్తం పోయిన మనిషికి మలికాన్పులోనూ పోతుంది. సూదిమందు అందితే బతుకుతుంది, లేకపోతే లేదు. లూపులు, లెక్కలు, ఉద్యోగం అన్నీ ఏమైనా కానీ, గున్నమ్మ పురుడు తన చేతుల మీద జరగాలి. ఆసుపత్రికి పోయి, ఆ ఒక్క పురుటికీ సంచి ఇమ్మని జగన్నాధాన్ని బతిమాలింది.

"స్టోరు తాళం డాక్టరుగారి దగ్గరున్నాది. ఆయన సంతకం లేందే దూదిపింజ కూడా కదలదు" అన్నాడు జగన్నాధం. ఆమె కదలకుండా నిలబడి ఉంటే, కాసేపటికి లేచి వార్డులోకి వెళ్లి, గుప్పిట మూసుకుని వచ్చాడు. చిన్న గాజుబుడ్డి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీకెక్కడిదో నాకు తెలీదు. బేగి వెళ్లు."

గాజుబుడ్డిని తడిగుడ్డలో చుట్టి, తన సొంత సిరంజి డబ్బా చేతపట్టుకుని, మర్నాడు పొద్దుటే ఆమె మొగలిపేట బయల్దేరింది. బొమ్మలు కూడా చంకలో పెట్టుకుంది. దారిలో జీపు ఎదురై, బొమ్మలేవని అడిగితే ఏం చెప్పాలి? అవి లేకుండా వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు అనుకుందో.

పిల్లలు అరిచారు. వీధి ఖాళీ అయిపోయింది. తవిటమ్మ ఒక్కతే ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తూ కూర్చుంది.

"గున్నమ్మ ఏదత్తా?"

"కన్నోరింటికి ఎలిపోయింది."

"ఎప్పుడు?"

"మొన్న." తవిటమ్మ తలెత్తలేదు.

"అత్తా, నేను లూపు వెయ్యడానికి రాలేదు. ఇదుగో సూదిమందు. పోయినసారి రక్తం ఆపిందే, అదే. నెప్పులొస్తే కబురు పెట్టు, ఏ వేళైనా వస్తాను" అని గుడ్డ విప్పి చూపించింది. తవిటమ్మ ఆ బుడ్డికేసి చూసి, చంకలో చుట్టిన బొమ్మలకేసి చూసి, మళ్లీ చేపలు తిరగెయ్యసాగింది.

పద్మకుమారి అరుగు మీద చాలాసేపు కూర్చుంది. ఎవరూ రాలేదు. ఎండ ముదిరాక గుడ్డ మళ్లీ తడిపి, బుడ్డిని చుట్టుకుని, ఉసూరుమంటూ వచ్చినదారినే వెళ్లిపోయింది.

మూడోనాడు తవిటమ్మే ఆమె ఇంటికొచ్చింది. అంతదూరం నడిచి ఆవిడ ఎన్నడూ రాలేదు. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం బయట చతికిలబడింది.

"గున్నమ్మ పోనాది" అంది.

పద్మకుమారి గుమ్మం దిగి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"నువ్వు అరుగుమీద కూకున్నప్పుడు అది తోపులోనే ఉన్నాది. పొద్దున్నే నెప్పులొచ్చినాయి. నువ్వొస్తన్నావని గుంటలు అరిసేసరికి, కానుపు మీదున్న మనిసిని కూడా రెక్కట్టుకుని లాక్కుపోనారు. నెప్పుల్లోనే లూపు ఏసేస్తాదంట, తెలకుండా ఏసేస్తాదంట అనుకున్నారు. అక్కడే ఇసకలో కన్నాది. గుంటడు దక్కనేదు. నువ్వు ఎలిపోయినాక నాను ఎల్లి సూసినాను. ఇసకంతా పీల్సీసింది తల్లీ, ఎంత పోనాదో కూడా తెల్దు."

"మందుందని చెప్పాను కదా అత్తా" అంది పద్మకుమారి. ఆ గొంతు తనదేనా అనిపించింది ఆమెకు. "చేతిలో పెట్టి చూపించాను కదా."

"సూపించినావు. నీలవేణికి కూడా మాత్రలు సేతిలో ఎట్టినావు, తగ్గిపోతాదన్నావు." తవిటమ్మ గొంతులో కోపం లేదు. "ఏది నమ్మాలో నాకు తెలనేదు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్లిపోయింది. పద్మకుమారి ఆ గాజుబుడ్డిని చాన్నాళ్లు ట్రంకుపెట్టెలో దాచింది. పారేయడానికి చేయి రాలేదు. మనిషిని చంపింది కాగితమే అని తనకు తాను ఎంత చెప్పుకున్నా, మాత్రలు ఇచ్చిన చెయ్యి కాగితానిది కాదు కదా. ఆ చావు గురించి పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ నెల మెమోలో మాత్రం ఆమె లూపు లెక్క ఎందుకు తగ్గిందో సంజాయిషీ చెప్పమన్నారు.

ఏడాది గడిచాక, అరవై తొమ్మిది మొదట్లో, మరో మెమో వచ్చింది. అదే అరఠావు, అదే సైక్లోస్టైలు. పురుళ్ల పని అశ్రద్ధకు గురవుతున్నట్టు పైవారి దృష్టికి వచ్చిందట. దీన్ని తీవ్రంగా పరిగణిస్తున్నారట. ఇకమీదట నర్సులకు పురుళ్లే మొదటి పని, సంచులు వెంటనే తిరిగి ఇవ్వాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చదువుతున్న జగన్నాధం మధ్యలో కాగితం దించాడు. మంచినీళ్లు తాగి మిగతాది చదివాడు. తర్వాత సంచి తెచ్చి, ఆమె మొహం చూడకుండా బల్ల మీద పెట్టాడు. లోపల కత్తెర తుప్పు పట్టి ఉంది.

తుప్పు గీకి, అన్నీ మరగబెట్టుకుని, కొత్త డెట్టాల్ సీసా పెట్టుకుని, సంచి భుజాన వేసుకుని పద్మకుమారి మొగలిపేట వెళ్లింది. ఈసారి బొమ్మలు లేవు. పేట మొదట్లో ఇసకలో ఓ ఆడపిల్ల గవ్వలు వరసపెడుతూ కూర్చుని ఉంది. సాగిన గౌను, చింపిరి జుట్టు, గున్నమ్మ కళ్లు.

"పద్దూ" అని పిలిచింది ఆమె.

పిల్ల తలెత్తి చూసింది. సంచిని చూసింది. గవ్వలు వదిలేసి, వీధివైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"నర్సమ్మొస్తంది, లగెత్తండే!"

తలుపులు టపటపా పడ్డాయి. ఆడవాళ్లు తోపువైపు పరిగెత్తారు, పిల్లలు ఎవరి తల్లి వెంట వాళ్లు. పద్దు ఒక్కతే ఎటు పోవాలో తెలియక వీధి మధ్య కాసేపు నిలబడి, చివరికి తవిటమ్మ దగ్గరికి వెళ్లి ఆవిడ చీర వెనక దూరింది.

పద్మకుమారి సంచి దించి అరుగు మీద పెట్టింది. తవిటమ్మ ఆ సంచికేసి చూస్తూ, వెనక దాక్కున్న పిల్ల తల మీద చెయ్యేసింది.

"దాని తప్పు నేదు తల్లీ. మేమే నేర్పినాం. ఇప్పుడెలా మరిపించాలో తెల్దు."