చేప బొమ్మ గ్రూపు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కాలేజీలో గోడలక్కూడా తెలుసు. చాలా ఏళ్లుగా అనకాపల్లిలో డిగ్రీ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. క్లాసులో గోల పెరిగితే నా నోట్లోంచి వచ్చేది ఒకటే మాట: "ఇది క్లాసా, చేపల బజారా?" మా మేష్టార్లు నన్ను ఆ మాటే అన్నారు, నేను నా పిల్లల్ని అన్నాను. అది ఎవరికైనా గుచ్చుకుంటుందని ఒక్కనాడూ తోచలేదు.

చదువు ఫోన్లోకి ఎక్కాక ఆ మాట కూడా నాతోపాటు ఎక్కింది. మొదట్లో ఈ ఆన్‌లైన్ గొడవంటే నాకు ఒళ్లుమంట. ప్రతి సబ్జెక్టుకూ వాట్సాప్ గ్రూపు ఉండాలని, ఇంటర్నల్ పరీక్షలు ఆన్‌లైన్ ఫారంలో పెట్టాలని ప్రిన్సిపాల్ గారు చెప్పినప్పుడు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఏమైందో నాకే తెలియదు, అందరికన్నా ముదిరిపోయాను. రొయ్యను కోసి చూపిస్తూ వీడియోలు తీశాను. అర నిమిషంలో గుండె పనిచేసే తీరు చెబుతూ రీల్స్ చేశాను. పిల్లలు వెనకాల నన్ను "రీల్స్ మేడమ్" అనుకుంటున్నారని తెలిసి పైకి విసుక్కున్నాను, లోపల మాత్రం సంబరపడ్డాను.

మా గ్రూపులో నలభై రెండు మంది పిల్లలు. అడ్మిషన్ల కాగితం చూసి నంబర్లన్నీ నేనే ఎక్కించాను, పేర్లు రాసుకునే ఓపిక లేకపోయింది. పాఠం తప్ప మరొకటి పెడితే ఆ నంబరు తీసేస్తానని మొదటిరోజే చెప్పాను. ఆ వారం చేపల పాఠం మొదలైంది కాబట్టి గ్రూపు బొమ్మ మార్చి, మొప్పలూ రెక్కలూ కనిపించేలా మంచి రంగుల చేప బొమ్మ పెట్టాను. ఎంత బాగుందో అని ఫోన్ దూరంగా పట్టుకుని చూసుకున్నాను కూడా.

బుధవారం పదకొండు గంటలకు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని కొత్త వీడియో గ్రూపులో పెట్టాను. రెండు నిమిషాలకే దాని కింద ఒక వాయిస్ మెసేజ్ పడింది. ఎవరో సందేహం అడిగారనుకుని అందరిముందూ గట్టిగా పెట్టాను.

"ఒలప్పా! కానగంత సేపలు దిగేయే! నాను రెండు తట్టలెత్తీసేను. నువ్వు బేగి వత్తావా, నన్నెల్లిపొమ్మంతావా? ఐసు యేసినోడు సగమే యేసేడు, సచ్చినోడు!"

స్టాఫ్‌రూమ్ గొల్లుమంది. "ఏం మేడమ్, ప్రాక్టికల్స్ మొదలెట్టేసేరా?" అన్నాడు పొలిటికల్ సైన్స్ ఆయన. నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరిదా నంబరని కూడా చూడలేదు. "ఇది క్లాసా, చేపల బజారా?" అని గ్రూపులో కొట్టి, వెంటనే ఆ నంబరు తీసిపారేశాను. నా మాట కింద పిల్లలు నవ్వు బొమ్మలు వరసగా పెట్టారు. నా పాఠాలకు ఎన్నడూ అన్ని బొమ్మలు రాలేదు. ఆ పూట సంతోషించానని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

గురువారం పొద్దున్న ఇంటర్నల్ పరీక్ష లింకు గ్రూపులో పెట్టాను. శుక్రవారం సాయంత్రానికి ఫారం మూసేశాను. శనివారం పదకొండున్నరకు పరీక్షలు చూసే సార్ తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, ఐదింటికి మార్కుల పోర్టల్ మూసేస్తారు. తర్వాత మీరూ నేనూ ఏమీ చెయ్యలేం" అని గుర్తుచేశారు. లెక్క చూస్తే రాసినవాళ్లు నలభై ఒక్కరే.

రాయనిది రెండో బెంచీలో గోడ వైపు కూర్చునే పిల్ల. సముద్రం ఒడ్డు ఊరు నుంచి వస్తుంది, రికార్డులో దాని బొమ్మల్లా క్లాసులో ఇంకెవరూ వెయ్యలేరు. పరవాడ ఫార్మా కంపెనీ వాళ్లు ల్యాబ్ పనికి సోమవారం ఇంటర్వ్యూ పెట్టారు. ఇంటర్నల్స్‌లో తప్పినవాళ్లను పిలవబోమని ముందే చెప్పారు. నెల క్రితం ఈ పిల్ల వరండాలో నన్ను ఆపి, "మేడమ్, నాకు ఆ ఉద్యోగం వత్తాదంటారా?" అని అడిగింది. "నీకు రాక ఎవరికొస్తుందే!" అన్నాను. ఇప్పుడు ఆ పేరు పక్కన సున్నా వెయ్యాల్సింది నేనే.

హాజరు చూస్తే గురువారం నుంచీ రాలేదు. ఫోన్ చేద్దామని అడ్మిషన్ల కాగితం తీశాను. ఆ నంబరు ఎక్కడో చూసినట్టనిపించింది. గ్రూపు తెరిచి, బుధవారం నేను తీసేసిన నంబరుతో అంకె అంకె పోల్చుకున్నాను. చివరి అంకె కూడా కలిసింది.

నాలుగుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. "వాళ్లమ్మ బజార్లో చేపలమ్ముద్ది మేడమ్. ఫోన్ పగలు ఆవిడ దగ్గరుంటాది, సాయంత్రం దీని దగ్గరుంటాది" అంది పక్క బెంచీ పిల్ల. సెలవు చీటీ కూడా రాయకుండా ఆటో ఎక్కాను.

ఇన్నేళ్లలో చేపల బజారు పేరు కొన్ని వేలసార్లు ఎత్తి ఉంటాను. అందులోకి అడుగుపెట్టడం మాత్రం అదే మొదలు, మా ఇంట్లో చేపలు తినం. లోపల వరసగా తట్టలు, తట్ట తట్టకీ ఒక మనిషి, అందరివీ పెద్ద గొంతులే. ఆమె మొహం నాకు తెలియదు. గొంతు తెలుసు. "ఐసు" అన్న మాట చెవిన పడగానే తిరిగి చూశాను.

ఫలానా కాలేజీ నుంచి వచ్చానని చెప్పగానే ఆమె కత్తి పక్కన పెట్టి లేచింది. "మా గుంట మేడమ్మా? కూకోండమ్మా," అంటూ ఖాళీ టబ్బు బోర్లించి, కొంగుతో తుడిచింది. "మూడ్రోజులై కాలేజీకి ఎల్లనంతంది. ఏటయ్యిందే అంతే తలనొప్పంతాది. మీరైనా సెప్పండి."

పొరపాటున మీ మాట మా గ్రూపులోకి వచ్చిందని, అందుకే నంబరు తీసేశామని, దానివల్ల పిల్లకు పరీక్ష అందలేదని చెప్పాను. తీసేశాను అనకుండా తీసేశామన్నాను. ఆమె గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో, నానే సేసేనా? నాకు అచ్చరం ముక్క రాదమ్మా. బొమ్మ సూసే నొక్కుతాను. సేప బొమ్మంతే మా అమ్మకాలోల్ల గుంపు. పొస్తకాల బొమ్మంతే పిల్ల కాలేజీ. ఆ రోజు పైనే సేప బొమ్మ కనపడింది, నొక్కీసేను."

పుస్తకాల బొమ్మ తీసేసి చేపను పెట్టింది నేను. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు ఆమె ఫోన్ నా చేతికిచ్చింది. అద్దం మీద రెండు పొలుసులు అంటుకుని ఉన్నాయి.

"ఇక్కడేటో రాసుందమ్మా. ఆ సాయంత్రం మా గుంట ఇది సూసే ఏడిసింది. ఏటే అంతే పరీచ్చ తేదీ అంతాది. తేదీ సూసి ఎవులేడుత్తారు? బజార్లో సదివించుకోడానికి సిగ్గేసింది. మీరు సదవండి."

నా వాక్యం నా ముందుంది. ఆమె నా మొహంలోకి చూస్తోంది. పరీక్ష తేదీయేనమ్మా అనేస్తే ఆ క్షణం గడిచిపోయేది. ఇకనైనా నిజాయితీగా ఉండాలనుకున్నాను. చదివాను. ఎన్ని వేలసార్లు అన్నానో ఆ మాట, ఆ రోజు కూడబలుక్కోవాల్సి వచ్చింది.

"మీరే రాసేరా?" అంది.

"నేనేనమ్మా. తప్పయిపోయింది."

ఆమె వంగి తట్టలో చేపల మీద నీళ్లు చల్లింది. "బజార్లో గట్టిగానే మాటాడాలమ్మా. మెల్లగా అంతే ఎవులింతారు?" అంది. తర్వాత గొంతు మార్చి, "మా గుంటకి సున్నా యెయ్యకండి. ఇప్పుడేటి సెయ్యాల?" అంది.

టైము పన్నెండున్నర. పిల్ల ఉన్నది ఊళ్లో, ఫోన్ ఉన్నది ఇక్కడ. ఐదింటికి ముందు పరీక్ష రాయించాలన్నాను. ఆమె ఫోన్ తీసి, చేప బొమ్మను ఈసారి రెండుసార్లు నాకు చూపించి మరీ నొక్కింది.

"ఒలే, ఒడ్డునెవులున్నారు? మా గుంటని ఏ ఆటోలోనైనా ఎక్కించి బజారుకి తోలీయండి. పరీచ్చ. బేగి!"

ఒకరు పిల్ల ఇంటికి పరిగెడుతున్నానని వాయిస్ పెట్టారు. ఒకరు ఫలానా ఆటో కదలకుండా ఆపానన్నారు. ఇంకొకరు పిల్ల ఎక్కిందన్నారు. అనవసరమైన మాట ఒక్కటి లేదు. నా గ్రూపులో లింకు పెడితే నలభై దండాల బొమ్మలొస్తాయి, ఒక పిల్ల లేదన్న సంగతి మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

ఒంటిగంట దాటింది, రెండయింది. అచ్యుతాపురం రోడ్డులో కంపెనీ బస్సులకు అడ్డుపడి ఆటో ఆగిపోయిందని కబురొచ్చింది. రెండున్నరకు పరీక్షల సార్ ఫోన్ చేసి, "ఒక్కరి కోసం ఎందుకు మేడమ్, సున్నా వేసి పంపీండి" అన్నారు. ఆయన మీద అరిచాను. నిజానికి నా మీద నేను అరుచుకున్నాను. మూడుంబావుకు ఆ పిల్ల దిగింది. మొహం వాచి ఉంది. నాకు దండం పెట్టింది కానీ నా వైపు చూడలేదు.

నా ఫోన్లో ఫారం మళ్లీ తెరిచి, లింకు వాళ్లమ్మ నంబరుకు పంపాను. టబ్బు మీద కూర్చుని మొదలుపెట్టింది. తడికి అద్దం వేలికి పలకడం లేదు. వాళ్లమ్మ తుడిచి ఇచ్చింది. చుట్టూ బేరాలు నడుస్తూనే ఉన్నాయి. "ఒలే, గుంట పరీచ్చ రాత్తంది, నోరు ముయ్యండి!" అని పక్క తట్ట ఆమె అరిచింది. ఆ వరసంతా గొంతు తగ్గించింది. కొనేవాళ్లకు వేళ్లతో ధర చూపించారు. ముప్పావుగంట అలాగే ఉన్నారు. నా క్లాసు నా కోసం ఏనాడూ అంతసేపు ఊరుకోలేదు.

నాలుగున్నరకు అక్కడే నిలబడి మార్కులు ఎక్కించాను. ముప్పైకి ఇరవై ఎనిమిది. సోమవారం ఇంటర్వ్యూకి వెళ్లింది, ఉద్యోగం కూడా వచ్చింది. కానీ నాకు నిద్రలో కూడా గుర్తొచ్చేది అది కాదు.

ఆ సాయంత్రం ఆటో దాకా సాగనంపడానికి వచ్చి, వాళ్లమ్మకు వినపడనంత దూరం వచ్చాక ఆ పిల్ల ఆగింది.

"మా అమ్మకి చదివి చెప్పేసేరా మేడమ్?"

"అడిగిందమ్మా. అబద్ధం ఆడలేకపోయాను."

"నేను మూడ్రోజులు ఆడేను కదా మేడమ్," అంది. కళ్లు తుడుచుకోలేదు. "బయటికొత్తే ఎవులో ఒకరు ఆ మాట అనేత్తారు, మా అమ్మకి తెలిసిపోద్దని కాలేజీకే రాలేదు. మీరు వచ్చి మరీ చెప్పేసేరు."

అది దండం పెట్టి తల్లి దగ్గరకు వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చి గ్రూపు బొమ్మ మార్చి పుస్తకాల బొమ్మ పెట్టాను. ఆ నంబరు మళ్లీ చేర్చాను. బుధవారం నాటి నా మాట దగ్గరకు పైకి వెళ్లి, తీసేద్దామని వేలితో నొక్కిపట్టాను. అందరి దగ్గరా తీసేసే గడువు దాటిపోయింది. నా దగ్గర మాత్రమే చెరపమంటారా అని ఫోన్ అడిగింది. వద్దని నొక్కాను.