వైన్ గ్లాసులో బియ్యం

ఫోన్ మోగితే నాకు ఎప్పుడూ భయమే.

నిన్న పొద్దున మాత్రం భయపడలేదు. గ్యాస్ సిలిండర్ అబ్బాయేమో అనుకుని తీశాను.

కుమార్.

"చిన్నమ్మా, అమ్మ పోయింది" అన్నాడు. రాత్రి బాగానే పడుకుందట. పొద్దున లేవలేదు.

స్టవ్ మీద పాలు పొంగి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మునెమ్మ అక్క. నా తోటికోడలు. మా బావగారి భార్య. ఇది చదివేవాళ్లలో చాలామందికి పెద్దమ్మ, అత్త, అవ్వ.

మన ఇంటివాళ్ల ఫోన్ గ్రూపులో అందరూ ఆమె వంట గురించి, నోటి దురుసు గురించి రాస్తున్నారు. నేను విమానం సంగతి ఒక్కటి రాస్తాను. అది మీరు సగమే విన్నారు.

అప్పుడు కుమార్ సింగపూర్‌లో వెల్డర్. ఓడలు కట్టే చోట పని. పైనుంచి పడ్డాడు. తలకు ఆపరేషన్ అన్నారు. కంపెనీ వాళ్లు తల్లికీ, తోడుగా ఒకరికీ టికెట్లు పంపించారు. మామూలు సీట్లు దొరకలేదని బిజినెస్ క్లాస్ వేశారు.

శుక్రవారం చిత్తూరులో బస్సెక్కి చెన్నై పోయాం. శనివారం పొద్దున విమానం.

అది పెరటాసి నెల, వెంకటేశ్వరస్వామి నెల.

మన ఇళ్లలో పెరటాసి శనివారం ఎట్లా ఉంటుందో చిన్నపిల్లలకు తెలియకపోవచ్చు. తలస్నానం చేసి, చెంబుకు నామం పెట్టి, పక్కిళ్ల ముందు నిలబడి "గోవిందా" అని బియ్యం అడగాలి. ఆ బియ్యం వండి, ఆకులో రాశిగా పోసి స్వామికి తళిగ వేసి, నైవేద్యం అయ్యాకే నోట్లో ముద్ద పెట్టుకోవాలి. ఎంత ఉన్నవాళ్లయినా అడుక్కోవాల్సిందే.

అక్క పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఒక్క వారం తప్పలేదు. ఈ వారం తప్పితే కొడుకు దక్కడని ఆమెకు పట్టుకుంది. చెంబు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునే విమానం ఎక్కింది.

నా దిగులు వేరే. అక్కకు షుగర్. కడుపు ఖాళీ. పైగా పాస్‌పోర్టులు ఉన్నాయో లేవో అని సంచి తడుముకుంటూనే ఉన్నాను.

సీట్లు మంచాల్లా ఉన్నాయి. వేడి వేడి తడి టవల్ ఇచ్చారు. అందరూ మొహం తుడుచుకున్నారు. అక్క చెంబు తుడిచింది.

తర్వాత ట్రే మీద తెల్లగుడ్డ పరిచి మెనూ కార్డు పెట్టారు. చేప, చికెన్, ఇంకా ఏవేవో. నేను పండ్లు తిన్నాను. జున్ను అనుకుని ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే పులిసిన వాసన. మింగలేను, ఉమ్మలేను.

ఎయిర్‌హోస్టెస్ రెండు సీసాలు చూపించి ఎర్ర వైన్ కావాలా, తెల్ల వైన్ కావాలా అని అడిగింది. మదురై పక్క పిల్ల. మాకు అరవం తెలుసని అరవంలోనే మాట్లాడింది.

"పొద్దున్నే సారాయా పాపా?" అంది అక్క. "నువ్వీడ ఇది పోస్తుండావని మీ యమ్మకు తెలుసునా?"

ఆ పిల్ల నవ్వింది.

అక్క పండు కూడా ముట్టలేదు. చెంబుకు నామం పెట్టి లేచి నిలబడింది. 

"కూసో అక్కా, నీకు దండం పెడతా. పోలీసులకు పట్టిస్తారు."

"ఆకాశంలో పోలీసులు యాడుంటారే?"

"ఈడ ఎవురి దగ్గరుంటాయి బియ్యం? నా సంచిలో ఉండాయి, అవి పోసుకో."

నిజమే. ఆ దేశంలో మన బియ్యం దొరకవేమోనని చిన్న మూట కట్టుకుని వచ్చాను.

"మన ఇంటి బియ్యం మనమే అడుక్కుంటే భిక్షం ఎట్లయితాది సరోజా? సామికే టోపీ పెట్టమంటావా?"

ఆ పిల్ల వింటూ ఉంది. వాళ్ల అవ్వ కూడా ఈ నెలలో ఇట్లాగే చేసేదట. నా మూట అడిగి తీసుకుంది. ఒక వైన్ గ్లాసు తెచ్చి బియ్యం అందులో పోసింది.

"ఇప్పుడు ఇవి నావి అమ్మా. నేను ఎవరికైనా ఇచ్చుకుంటాను" అంది.

అక్క గ్లాసును అనుమానంగా చూసింది. "దీంట్లో ఆ ఎర్రనీళ్లు పోసినారా?"

"లేదమ్మా. కడిగి పెట్టిందే."

ఆ పిల్ల సీటు సీటుకూ పోయి, ఇంగ్లీషులో ఏదో చెప్పి, కొంచెం కొంచెం బియ్యం చేతుల్లో పోసింది. వెనకాలే అక్క, చెంబు పట్టుకుని, "గోవిందా" అంటూ.

తల తిప్పుకున్నవాళ్లూ ఉన్నారు.

కోటు వేసుకున్న చైనా పెద్దాయన వైన్ తాగుతున్నాడు. గ్లాసు పక్కన పెట్టాడు. టవల్‌తో చేతులు తుడుచుకున్నాడు. లేచి నిలబడి, రెండు చేతులతో చెంబులో పోశాడు.

అక్క ఆయన నొసటికి నామం పెట్టబోయింది. నేను కొంగు పట్టి లాగాను.

దిగాక కంపెనీ వాళ్ల గదిలో ఆ బియ్యమే వండింది. ఆకు లేదు, స్టీలు పళ్లెంలోనే తళిగ. తర్వాత తిని ఆస్పత్రికి బయల్దేరింది. ఆమె తినేదాకా నేను పక్కనుంచి కదల్లేదు, కింద పడుతుందేమోనని.

కుమార్ బతికాడు. బియ్యం వల్లనో, ఆపరేషన్ వల్లనో నాకు తెలియదు.  

ఊరికి వచ్చాక, "మా సరోజ, ఇమానం రెక్క యాడ ఇరిగిపోతాదో అని కిటికీ కాడ కాపలా కాసింది" అని అందరినీ నవ్వించింది. బియ్యం సంగతి మాత్రం ఎత్తలేదు.

నిన్న సాయంత్రం పాడె ఎత్తే ముందు అందరూ వరసగా వచ్చి ఆమె నోటికి బియ్యం వేశారు. కుమార్ చేతికర్ర ఆనించుకుని వంగి వేశాడు. తర్వాత నేను.

చేటలో ఉన్నవి మన ఇంటి బియ్యమే అక్కా.

ఇవి చెల్లవే అని నువ్వు అనలేదు.

అప్పుడు నమ్మాను, నువ్వు లేవని.

పోయిరా అక్కా. ఆకలీ దిగులూ లేని చోట నిదానంగా కూర్చో. ఇక్కడి దిగులు నేను చూసుకుంటాను.