పరీక్ష ఉల్లిపాయ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, డీఎన్ఏ అనే మాట పలకగలిగితే చాలు, పల్నాటి పల్లెల్లో సగం డాక్టరు కింద లెక్క. నేను నరసరావుపేటలో బీఎస్సీ వెలగబెడుతున్నాను కాబట్టి రోజుకు రెండుసార్లన్నా పలికేవాణ్ణి (అవసరం ఉండక్కర్లేదు). కాలేజీలో మైక్రోస్కోపులు వాళ్ళవి, ఉల్లిపాయలు మావి. నీళ్ళ మీద ఉల్లిపాయ నిలబెడితే నాలుగైదు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఆ వేరు కొన కోసి, రంగు పట్టించి, గాజు పలక మీద నలిపి, రెండుగా చీలుతున్న కణం ఒక్కటన్నా చూపిస్తే ప్రాక్టికల్ పాసు. లేకపోతే మళ్ళీ ఏడాది దాకా పరీక్ష లేదు. ఆ ఏడాదంతా నేను మిరప చేలో నీళ్ళు కట్టాలని మా నాన్న ముందే తీర్మానించేశాడు.

పరీక్ష నాడు సీసాలో ఉల్లిపాయతో మాచర్లలో నరసరావుపేట బస్సెక్కాను. పక్క సీటు పెద్దావిడ ఊరుకోలేదు.

“ఏంది నాయనా, ఉల్లిపాయకి తానం చేయిస్తన్నావా?”

“దీని వేళ్ళలో కణాలుంటాయి పెద్దమ్మా. లోపలున్న డీఎన్ఏ ముందు రెండింతలై, తర్వాత రెండు కణాలూ దాన్ని చెరిసగం పంచుకుంటాయి.”

“చెరిసగమా? పెద్దమనుషులెవరూ లేకుండానే?”

“లేకుండానే.”

ఆవిడ సీసా వంక అనుమానంగా చూసి, “నాకు నమ్మకం లేదు నాయనా,” అంది.

రెంటచింతల దాటేసరికి (ఆ ఊరి ఎండ గురించి నేను చెప్పనక్కర్లేదు) ఆవిడ తల నా భుజం మీద వాలిపోయింది. పిలిస్తే పలకదు. వడదెబ్బ! మా వైపు వడదెబ్బకు మొదటి వైద్యం ఉల్లిపాయ దంచి అరికాళ్ళకు రుద్దడం. మామూలుగా ఎండల్లో ఎవరో ఒకరి మొలలో ఉల్లిపాయ ఉంటుంది. ఆ రోజు బస్సు మొత్తానికి నాదే దిక్కు.

“ఒరేయ్ అబ్బాయ్, అది ఇటియ్యి,” అన్నాడు కండక్టరు.

“ఇది పరీక్ష ఉల్లిపాయ అన్నా!”

“మనిషి పోతావుంటే పరీక్షేందిరా!”

“అయితే వేళ్ళు నాకియ్యి. పాయ నువ్వు తీసుకో.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, వేళ్ళు పీకి నా చేతిలో పెట్టి, పాయను టిక్కెట్ల పెట్టెతో దంచి ఆవిడ అరికాళ్ళకు రుద్దాడు. నేను వేళ్ళు తడి రుమాల్లో చుట్టుకుని, మిగిలిన సీసా నీళ్ళు ఆవిడ తల మీద పోశాను. కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి, “నా కాళ్ళేమన్నా పులుసులో ఏస్తన్నారంట్రా?” అంది. బస్సంతా హమ్మయ్య అనుకుంది. నేను రుమాలు విప్పి చూసుకున్నాను. వేళ్ళు అప్పటికే వాడిపోయాయి.

పరీక్షలో ఎగ్జామినరుగారు నా స్లైడు మీదకు వంగి చాలాసేపు వెతికారు. “ఒక్క కణమూ చీలడం లేదేమిటయ్యా?”

జరిగింది చెప్పాను.

“ఆవిడ బతికిందా?”

“బతికిందండీ. గురజాలలో దిగేటప్పుడు కండక్టర్ని తిట్టింది కూడా.”

“ఎందుకు?”

“కాళ్ళు కంపు కొట్టించాడనండీ.”

ఆయన మళ్ళీ ఒకసారి మైక్రోస్కోపులోకి చూసి, నవ్వకుండా, “కణాలు కదల్లేదు, మనిషి కదిలింది. ప్రాక్టికల్ అన్నాక ఏదో ఒకటి కదిలితే చాలు,” అని పాసు మార్కులు వేశారు. ఒక్కటీ ఎక్కువ వెయ్యలేదు.

తర్వాత నేను పరిశోధనలో చేరి, జుట్టు నెరిసేదాకా ఆర్ఎన్ఏతో, డీఎన్ఏతోనే కాపురం చేశాను. పేరూ వచ్చింది, శాలువాలూ కప్పారు. అయినా ఆ బస్సులోని కుర్రాడంటే ఇప్పటికీ నాకు కాస్త అసూయే. వాడి ప్రయోగం ఫలితం వాడి కళ్ళెదుటే బస్సు దిగి, తిట్టుకుంటూ ఇంటికి నడిచి వెళ్ళింది.