గార్డు దాదా పచ్చ తువ్వాలు ఊపాడు

పేగులోని కేన్సర్ గడ్డ కోసి తీసేశాక, గాలి కిందికి పోతేనే గంజి ఇస్తామన్నారు డాక్టరు గారు. పేగు మళ్లీ పనిచేస్తోందనడానికి అదే గుర్తట. నర్సు దీదీ వార్డంతా వినేలా రోజూ అదే అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఇవాళ సాయంత్రం, సరిగ్గా మా అత్తగారు చూడడానికి వచ్చి కూర్చున్నప్పుడు, గాలి బొగ్గింజను కూతలా పోయింది. పక్క మంచం మీది నిమ్‌పురా రైల్వే గార్డు దాదా, రైలు బయల్దేరేటప్పుడు జెండా ఊపినట్టు, తన పచ్చ తువ్వాలు ఊపాడు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

"సిగ్గేటి బాబూ! ఈ సప్పుడు కోసమే గదా మా పిల్ల దేవుళ్లందరికీ మొక్కినాది," అన్నారు అత్తగారు.

ఆ పిల్లే, అంటే మా ఆవిడే, ఇన్నేళ్లూ దీనికి నన్ను తిట్టింది. ఇవాళ పరుగున గంజి తెచ్చింది. మీలో ఎవరినైనా దీనికి ఇంతమంది మెచ్చుకున్నారా?