బొడ్డులో ఆముదం

మా పెద్దమ్మ రామసుబ్బమ్మ నోటికి మా ఊరు శింగనమలంతా జడుస్తుంది. నేను మాత్రం ఆ నోటికి దండం పెడతాను. ఆ నోరే లేకపోతే మా పెద్దనాయన మల్లికార్జునయ్య ఈపాటికి గోడ మీద ఫోటో అయ్యుండేవాడు.

ఆయనకు కిడ్నీలో రాయి. అనంతపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో లేజరుతో పొడి చేసి తీశారు. ఒంటి మీద కోత లేదు, కుట్టు లేదు. "నీళ్లు బాగా తాగండి" అని పంపేశారు. ఇంకో మాట చెబితే వాళ్ల సొమ్మేం పోయేదో!

కోత లేకపోతే గాయమే లేదనుకోవడం మా వాళ్ల తెలివి. ఇంటికొచ్చిన మర్నాడే వాన పడింది. వాన పడి నేల పదునైతే మా సీమలో పాడె మీదివాడు కూడా లేచి విత్తడానికి పోతాడు. పెద్దనాయన శనక్కాయ విత్తనాల మూట ఎత్తుకుని చేనికి పోయాడు. కాసేపటికే నడుము పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"వేడి చేసినాది" అని ఊరంతా తీర్పు చెప్పింది. పిల్లాడి ఏడుపు నుంచి ముసలాడి చావు దాకా మా ఊళ్లో అన్నిటికీ వేడే కారణం. పెద్దమ్మ కూడా నమ్మింది. మజ్జిగ తాగించి, బొడ్డులో ఆముదం వేసి పడుకోబెట్టింది. సాయంత్రానికి ఆయన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. లేవబోతే కళ్లు తిరిగి పడ్డాడు.

నేను ఆటో పిలిచి, అనంతపురంలో అదే ఆసుపత్రికి తీసుకుపోయాను. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పైపైన చూసి, "మూత్రంలో రక్తం లేదుగా, గ్యాస్ అయ్యుంటుంది. రేపు రండి" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ అప్పటికే తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఏమప్పా, మనిషి తెల్లగా పోతాంటే గ్యాస్ అంటావా? స్కాను తీసేదాకా ఈడనుంచి నువ్వూ కదలవు, నేనూ కదలను!"

ఆ అరుపుకే స్కాను తీశారు. కిడ్నీ చుట్టూ నెత్తురు గడ్డకట్టింది, లోపల్లోపలే ఇంకా కారుతోంది. పెద్ద డాక్టరు వచ్చి, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, కారేచోటు మూసేశాడు. పెద్దనాయన బతికాడు.

"లేజరు తర్వాత ఇలా కావడం చాలా అరుదమ్మా. ఎవరో ఒకరికి తప్ప రాదు" అన్నాడు పెద్ద డాక్టరు బయటికొచ్చి.

"ఆ ఒకరికి పేరుండాది సారూ. మల్లికార్జునయ్య" అంది పెద్దమ్మ. "నడుము నొస్తే, కండ్లు తిరిగితే పరిగెత్తి రండని ఆపొద్దే ఒక మాట చెప్పింటే, నేను ఆముదం పూస్తా కూర్చుండేదాన్నా?"

అంతసేపూ అరిచిన మనిషి అప్పుడు కుడిచేతిని కొంగుకేసి తుడవడం మొదలుపెట్టింది. ఎంత తుడిచినా జిడ్డు పోలేదు.